అసెంబ్లీ పద్దు నుంచి అంగన్‌వాడీ పళ్లెం దాకా

సందేహాలు - సమాధానాలు

ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు రాష్ట్ర ప్రభుత్వం పెట్టే ఖర్చు గురించి ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. రాసినవాళ్లలో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, తల్లులు, ఒక సర్పంచి, ఒక విద్యార్థి, అమెరికా నుంచి ఒక తండ్రి ఉన్నారు. పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

*

బడ్జెట్ ప్రసంగంలో మా శాఖకు వేల కోట్లు ఇచ్చామంటారు. నాకు గౌరవ వేతనం మాత్రం ఒక్కోసారి రెండు మూడు నెలలు ఆగి వస్తుంది. అడిగితే కేంద్రం నుంచి రాలేదంటారు. అసలు నా డబ్బులో ఎవరి వాటా ఎంత?
— అంగన్‌వాడీ టీచరు, ప్రకాశం జిల్లా

ముందు మీ 11,500 రూపాయల గౌరవ వేతనాన్ని విడదీసి చూద్దాం. 2018 అక్టోబరు నుంచి కేంద్రం కార్యకర్తకు, అంటే టీచరుకు, నెలకు 4,500 రూపాయల రేటు పెట్టింది. ఆ 4,500 కూడా పూర్తిగా ఢిల్లీ నుంచి రాదు. ఈ ఖర్చులో కేంద్రం, రాష్ట్రాల వాటా 60:40. అంటే కేంద్రం ఇచ్చేది 2,700. రాష్ట్రం కలిపేది 1,800. ఆ పైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఖజానా నుంచి మరో 7,000 వేస్తోంది. మీ చేతికొచ్చే దాంట్లో 8,800 రాష్ట్రానిదే. తెలంగాణలో టీచరుకిచ్చే 13,650లో రాష్ట్రం మోసేది 10,950. ఆయాల లెక్కా ఇంతే. కేంద్రం రేటు 2,250. అందులో దాని వాటా 1,350. ఆంధ్రలో 7,000, తెలంగాణలో 7,800 అందుతున్నాయంటే మిగతాదంతా రాష్ట్రాల సొమ్మే.

కాబట్టి కేంద్రం నుంచి రాలేదన్న జవాబు మీ వేతనంలో నాలుగో వంతుకు కూడా సరిపోదు. మిగతా ముప్పాతిక ఎందుకు ఆగిందో రాష్ట్ర ఆర్థిక శాఖే చెప్పాలి. మరోవైపు, 2018 నాటి రేటు మీదే కేంద్రం తన వాటా లెక్క కట్టడం కూడా న్యాయం కాదు. బియ్యం, నూనె, బస్సు టికెట్టు ఏదీ 2018లో ఉన్నచోట లేదు.

ఇక వేల కోట్ల సంగతి. 2025-26లో ఆంధ్రప్రదేశ్ మొత్తం బడ్జెట్ సుమారు 3.22 లక్షల కోట్లు. అందులో మహిళా, శిశు సంక్షేమ శాఖకు కేటాయించింది 4,332 కోట్లు. దివ్యాంగులు, వృద్ధుల సంక్షేమమూ ఆ శాఖ కిందే ఉంది. తెలంగాణలో 3.05 లక్షల కోట్లలో 2,862 కోట్లు. అంటే నూరు రూపాయల్లో ఆంధ్రలో రూపాయిన్నర లోపు, తెలంగాణలో రూపాయి లోపు. వేల కోట్లు అన్న మాట అబద్ధం కాదు. కాని ఆంధ్రలో 55,607 అంగన్‌వాడీ కేంద్రాలు, తెలంగాణలో 35,700 కేంద్రాలు ఉన్నాయని గుర్తుపెట్టుకుని ఆ మాట వినాలి.

అంగన్‌వాడీ డబ్బు ఒకే నిష్పత్తిలో రాదు. ఒక్కో ఖర్చుకు ఒక్కో వాటా ఉంది. పోషకాహారానికి సగం సగం. గౌరవ వేతనం, అద్దె, సామాను వంటివి 60:40. సూపర్‌వైజర్లు, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారుల (సీడీపీఓల) వంటి ఉద్యోగుల జీతాలకు 2017 డిసెంబరు నుంచి కేంద్రం ఇచ్చేది 25 శాతమే. ఒకప్పుడు ఇలా లేదు. 2009లో పోషకాహారం తప్ప మిగతా ఖర్చులో 90 శాతం కేంద్రమే పెట్టుకుంది. 2015లో పద్నాలుగో ఆర్థిక సంఘం సిఫారసు మీద పన్నుల్లో రాష్ట్రాల వాటాను 42 శాతానికి పెంచి, ఆ ఏడే అంగన్‌వాడీ పథకానికి కేంద్ర బడ్జెట్‌లో కేటాయింపును సగానికి పైగా కోశారు. డబ్బు మీ చేతికే ఇచ్చాం, ఖర్చు మీరే చూసుకోండి అన్నది దాని సారం. రాష్ట్రాల చేతికి వచ్చిన ఆ డబ్బు పిల్లల పద్దులోకే వెళ్లాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు. మీ చిక్కు మొదలైంది అక్కడే.

ఆలస్యానికి ఇంకో కారణం ఉంది. కేంద్ర ప్రాయోజిత పథకాల డబ్బు ఒక్కో పథకానికి ఒకే ఖాతా ద్వారా నడవాలని 2021లో నిబంధన పెట్టారు. కేంద్రం వాటా వచ్చాక రాష్ట్రం తన వాటా కలపాలి. ముందిచ్చింది ఖర్చయినట్టు లెక్క చూపాలి. అప్పుడే తర్వాతి విడత. ఖజానాలో నగదు బిగిసిన నెలలో రాష్ట్రం తన వాటా కలపదు. కలపలేదు కాబట్టి కేంద్రం విడత ఆగుతుంది. మీకు చెప్పే జవాబు మాత్రం కేంద్రం నుంచి రాలేదనే.

*

మా పాపకు నాలుగేళ్లు. అంగన్‌వాడీలో కొన్ని రోజులు గుడ్డు పెడతారు, కొన్ని రోజులు స్టాకు లేదంటారు. ఇది అడిగి తీసుకునే హక్కా? గవర్నమెంటు ఇస్తే తినాలి, లేకపోతే లేదు అంతేనా?
— ఒక తల్లి, ఖమ్మం జిల్లా

హక్కేనమ్మా. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం అయిదో సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలి. నాలుగో సెక్షన్ గర్భిణులకు, ప్రసవమయ్యాక ఆరు నెలల వరకు తల్లులకు అదే హక్కు ఇచ్చింది. మీ పాప వయసు పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని 2013లో చట్టం రెండో అనుబంధంలో రాశారు. 2023 జనవరిలో దాన్ని సవరించి సూక్ష్మపోషకాల కొలతలూ చేర్చారు.

చట్టంలో గుడ్డు అన్న మాట లేదు. గుడ్డు రాష్ట్రం తన మెనూలో పెట్టింది. తెలంగాణలో మూడేళ్లు దాటిన పిల్లలకు నెలకు 30 గుడ్లు. పోషకాహారం కింద 2017లో కేంద్రం పెట్టిన రేటు బిడ్డకు రోజుకు 8 రూపాయలు. గర్భిణికి, బాలింతకు 9.50. తీవ్ర పోషణలోపం ఉన్న బిడ్డకు 12. ఆ 8 రూపాయల్లో అన్నం, పప్పు, కూర, నూనె, చిరుతిండి అన్నీ రావాలి. గుడ్డు ధర 6, 7 రూపాయలు పలికే రోజుల్లో అది కుదరదని మీ వంటింటి లెక్కే చెబుతుంది. అందుకే గుడ్లు, పాలు ఇచ్చే రాష్ట్రాలు రేటుకు మించిన ఖర్చును సొంతంగా భరిస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఈ రేట్లు పెంచుతామని చెప్పారు. పెంచడం ఎంత అవసరమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీరు చేయగలిగింది. ఆహారం అందని రోజులకు బదులుగా ఆహార భద్రత భత్యం ఇవ్వాలని అదే చట్టం ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. పాపకు ఏయే తేదీల్లో అందలేదో ఒక కాగితం మీద రాసుకోండి. మీలాంటి నలుగురైదుగురు తల్లులు కలిసి ఆ తేదీలతో జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి అర్జీ ఇవ్వండి. ఆయన ఎవరో కలెక్టరేట్‌లో చెబుతారు. అక్కడ పని జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు రాయండి. అర్జీలో టీచరమ్మ మీద నింద వేయకండి. స్టాకు పంపాల్సింది ఆమె కాదు.

*

చైల్డ్ బడ్జెట్ అని వేరే పుస్తకం చూశాను. అందులో పెద్ద మొత్తం కనిపించింది. అది ఈ డబ్బుకు అదనమా?
— డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

అదనం కాదు. వేర్వేరు శాఖల పద్దుల్లో పిల్లలకు ఉద్దేశించిన మొత్తాలను ఒకచోట గుదిగుచ్చిన పట్టిక అది. ఆంధ్రప్రదేశ్ 2021-22 నుంచి దీన్ని ఇవ్వడం మొదలుపెట్టింది. బడి పిల్లల ఖర్చంతా అందులో చేరుతుంది కాబట్టి అంకె పెద్దదిగా ఉంటుంది. ఆరేళ్లలోపు వాళ్లకు ఎంత అని విడిగా చూస్తే అది చాలా చిన్నదైపోతుంది.

*

మా గూడెంలో ఆరేళ్లలోపు పిల్లలు నలభై మందికి పైనే. సెంటరు పక్క ఊళ్లో ఉంది, వాగు దాటి పోవాలి. వానాకాలం ఎవరూ పోరు. కొత్త సెంటర్లు మంజూరు లేవంటున్నారు.
— ఒక యువకుడు, పాడేరు ఏజెన్సీ

2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీ గూడెం లాంటి చోట్ల కోసమే. ఆహార హక్కు మీద పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ 2001లో వేసిన కేసులోది అది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, కేంద్రం లేని పల్లె గాని, మురికివాడ గాని అడిగితే మూడు నెలల్లోపు అంగన్‌వాడీ ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఏజెన్సీలో జనాభా కొలత కూడా తక్కువే. 300 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం, 150 నుంచి 300 జనాభాకు ఒక మినీ కేంద్రం. మీరు పోర్జ, గదబ, కొండరెడ్డి వంటి ఆదిమ తెగల వాళ్లయితే ఇంకో దారి ఉంది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద అలాంటి ఆవాసాల కోసం దేశం మొత్తం మీద 2,500 అంగన్‌వాడీలు విడిగా పెట్టారు. అక్కడ జనాభా వంద ఉంటే చాలు.

ముందు పిల్లల పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరుతో జాబితా రాయండి. పుట్టిన తేదీ కాగితం లేని బిడ్డను కూడా వదలకండి. తర్వాత గ్రామసభలో తీర్మానం చేయించి, జాబితా జతచేసి, సీడీపీఓకూ గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కోర్టు ఉత్తర్వు తేదీ అర్జీలో తప్పకుండా రాయండి. మంజూరు లేదని నోటిమాటగా చెప్పడం సులువు. ఆ ఉత్తర్వు పేర్కొన్న అర్జీ మీద అదే మాట రాసి సంతకం చేయడం అంత సులువు కాదు.

*

ఇంత డబ్బు పెట్టినా పిల్లలు బలహీనంగానే ఉన్నారు. ఖర్చు దండగ అనే వాళ్లకు ఏం చెప్పాలి?
— ఉపాధ్యాయుడు, హనుమకొండ

మీ ప్రశ్నలోని బాధ నిజమైనదే. తెలంగాణ అంకెలు చూస్తే మనసు కలుక్కుమంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో, అంటే 2015-16లో, అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 28.0 శాతం. 2019-21 నాటి అయిదో విడతలో అది 33.1కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 31.4 నుంచి 31.2కు వచ్చింది, అంటే కదలనే లేదు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70.0 శాతం, ఆంధ్రలో 63.2. ఈ రెండు సర్వేల మధ్య కాలమంతా తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి నడుస్తూనే ఉంది. 2015 జనవరి 1న మొదలైన ఆ పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఇస్తున్నారు. మంచి పథకం. మరి ఎందుకిలా?

నా అభిప్రాయం చెబుతాను. బిడ్డ ఎదుగుదల ఆగిపోయేది ఎక్కువగా కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్లు నిండేలోపే. అంగన్‌వాడీలో రోజూ కళ్లముందు కూర్చుని వేడిగా తినేది మూడేళ్లు దాటిన పిల్లలు. వాళ్లకంటే చిన్నవాళ్లకు ఇంటికిచ్చేది నెలకు రెండున్నర కిలోల బాలామృతం పొట్లం, కొన్ని గుడ్లు. హైదరాబాద్ నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ తయారుచేసే ఆ పొట్లం ఇంటికి చేరగానే ఇంట్లో పిల్లలందరూ పంచుకుంటారు. తల్లి కూలికి పోతే పసిబిడ్డకు రోజుకు మూడు నాలుగుసార్లు కలిపి తినిపించే వాళ్లుండరు. ఆ వయసు బిడ్డకు పొట్లంతో పాటు మనిషి కావాలి. ఇంటింటికీ వెళ్లి ఎలా తినిపించాలో చూపించే మనిషి, నెలనెలా తూకం వేసే మనిషి. ఆ పని ఇప్పుడు టీచరు మీదే ఉంది. ఆమె ప్రీస్కూలు పాఠం చెప్పాలి, వంట చూడాలి, రిజిస్టర్లు రాయాలి. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు తల్లుల ముఖం ఫోటో తీసి సరిపోల్చాలి. సిగ్నల్ అందని ఊళ్లో ఆ ఫోటో కోసం పోయే సమయం ఇంటింటి సందర్శన నుంచే తగ్గిపోతుంది.

అందుకే దండగ అనే వాళ్లతో నేను ఒప్పుకోను. తక్కువ పెడుతున్నాం, పెట్టేది మూడేళ్లలోపు పిల్లల దగ్గరికి సరిగ్గా చేరడం లేదు. ప్రతి కేంద్రానికి రెండో కార్యకర్త కావాలి. పని చిన్నపిల్లల ఇళ్లలోనే ఉండాలి. రాష్ట్రాలు కొత్తగా డబ్బు వెతికితే ముందు దీనికే పెట్టాలి.

*

డాలస్‌లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లల డేకేర్‌కే ఒక జీతం సగం పోతోంది. పక్క రాష్ట్రం న్యూ మెక్సికోలో అందరికీ ఉచితం చేశారంటే నమ్మలేకపోయాను. ఎలా సాధ్యమైంది? మన తెలుగు రాష్ట్రాల్లో కుదరదా?
— ఒక తండ్రి, టెక్సస్

నిజమే. 2025 నవంబరు 1 నుంచి న్యూ మెక్సికో పిల్లల సంరక్షణ సాయానికి ఆదాయ పరిమితి తీసేసింది. పేద రాష్ట్రాల్లో ఒకటిగా పేరుపడ్డ చోట ఇది జరిగింది కాబట్టి ఎలా జరిగిందో చూడటం మంచిదే.

ఆ రాష్ట్రానికి చమురు, సహజవాయువు ఆదాయం ఉంది. ఆ ఆదాయం ఒక ఏడు పొంగుతుంది, మరో ఏడు ఎండుతుంది. అందుకని ఏటా బడ్జెట్‌లో మిగిలింది పిల్లలకు ఇద్దాం అనుకోకుండా, అక్కడి శాసనసభ డబ్బును ముందే కట్టిపెట్టింది. 2019లో చిన్నపిల్లల కోసం విడి శాఖ ఏర్పాటుకు చట్టం చేశారు. 2020లో 30 కోట్ల డాలర్లతో ఒక శాశ్వత నిధి పెట్టారు. 2022 నవంబరులో రాజ్యాంగ సవరణను ప్రజల ముందు ఓటుకు పెడితే సుమారు 70 శాతం మంది అవునన్నారు. ఆ సవరణతో రాష్ట్ర భూముల శాశ్వత నిధి నుంచి ఏటా మరో 1.25 శాతం తీసి, అందులో ఎక్కువ భాగం బడికి ముందటి వయసు పిల్లలకు, మిగతాది బడులకు ఇస్తున్నారు. ఏళ్ల తరబడి శాసనసభలో ఓడిపోతూ వచ్చిన ప్రతిపాదన అది. అక్కడి తల్లిదండ్రులు, టీచర్లు వదలకుండా పట్టుకుంటే గెలిచింది.

మనకు అంత చమురు ఆదాయం లేదు. కాని డబ్బును చట్టంతో కట్టిపెట్టే పద్ధతి మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం చేసింది. జనాభా నిష్పత్తిలో బడ్జెట్ కేటాయించి తీరాలన్నది దాని లక్ష్యం. 2017లో తెలంగాణ దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చి, ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి బదిలీ చేయాలని చేర్చింది. అమలులో ఎన్ని లోపాలున్నా, ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చుపెట్టారు అని సభలో నిలదీయడానికి ఆ చట్టాలు ఒక కొలత ఇచ్చాయి. ఆరేళ్లలోపు పిల్లలకు అలాంటి చట్టం లేదు. వాళ్ల చదువైతే హక్కు కూడా కాదు. రాజ్యాంగం 21ఏ అధికరణం ఆరేళ్ల దగ్గర మొదలవుతుంది. అంతకు ముందు వయసు గురించి చెప్పే 45వ అధికరణం ఆదేశిక సూత్రాల్లో ఉంది, కోర్టుకు వెళ్లి అమలు చేయించుకోలేం. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంటుందే తప్ప చేయాలి అనదు. ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడు ముందు కోత పడేది ఇలాంటి వాటి మీదే. రెండు అసెంబ్లీల్లో ఏ పార్టీ అయినా ఆరేళ్లలోపు పిల్లల నిధి చట్టం తెస్తే నేను చేతులెత్తి స్వాగతిస్తాను.

*

ముప్పై ఏళ్లు ఆయాగా చేసి దిగిపోయాను. గ్రాట్యుటీ మాకు రాదన్నారు. నిజమేనా?
— కర్నూలు జిల్లా

కాదు తల్లీ. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ అభయ్ ఓకా ధర్మాసనం గుజరాత్ అంగన్‌వాడీ సిబ్బంది కేసులో తీర్పు చెప్పింది. 1972 గ్రాట్యుటీ చట్టం కార్యకర్తలకూ, ఆయాలకూ వర్తిస్తుందని అంది. గౌరవ వేతనం అన్న పేరు పెట్టినా అది వేతనమేనని తేల్చింది. లెక్క ఇలా: చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన ఏళ్లతో గుణించాలి. చివరి వేతనం 7,000, సర్వీసు 30 ఏళ్లు అయితే సుమారు 1,21,154 రూపాయలు. కొత్త కార్మిక స్మృతుల్లో కూడా ఏడాదికి పదిహేను రోజుల వేతనం అన్న సూత్రం అలాగే ఉంది.

మీ నియామక పత్రం, దిగిపోయిన రోజు ఉత్తర్వు, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లతో ముందు మీ ప్రాజెక్టు కార్యాలయానికి దరఖాస్తు ఇవ్వండి. జవాబు రాకపోతే కార్మిక శాఖ సహాయ కమిషనర్ కార్యాలయానికి వెళ్లండి. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రలో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం (ఎస్మా) ప్రయోగించినా వెనక్కి తగ్గలేదు. వాళ్ల డిమాండ్లలో గ్రాట్యుటీ ఒకటి. మీ దరఖాస్తు ఒంటరిది కాదు. మీ సంఘం వాళ్లను తోడు తీసుకెళ్లండి.

*

మా ఊరి కేంద్రం అద్దె ఇంట్లో నడుస్తోంది. వంటకీ పిల్లలకీ ఒకటే గది. సొంత భవనానికి డబ్బు ఎక్కడుంది?
— సర్పంచి, నల్గొండ జిల్లా

2022లో కేంద్రం ఒక్కో భవనానికి ఖర్చు పరిమితిని 12 లక్షలకు పెంచింది. అందులో 8 లక్షలు ఉపాధి హామీ నుంచి, 2 లక్షలు పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటు నుంచి, 2 లక్షలు మహిళా శిశు శాఖల నుంచి అని విడగొట్టారు. మూడు చోట్ల నుంచి రావాల్సిన డబ్బు కాబట్టి ఒక్కటి ఆగినా గోడలు సగంలో నిలబడతాయి. పని మొదలుపెట్టే ముందే మూడు మంజూరు కాగితాలూ చేతిలో ఉండేట్టు చూసుకోండి. వాటాల లెక్క మారి ఉంటే ఎంపీడీఓ దగ్గర తాజా ఉత్తర్వు అడగండి. స్థలం మాత్రం ఇప్పుడే పంచాయతీ తీర్మానంతో అంగన్‌వాడీ పేరున నమోదు చేయించండి. తర్వాత దొరకదు.

*

పోటీ పరీక్షలకు చదువుతున్నాను. అసెంబ్లీలో ఎమ్మెల్యే అంగన్‌వాడీలకు డబ్బు పెంచమని సవరణ ప్రతిపాదించవచ్చా? సామాన్యులు ఈ ప్రక్రియలో చేయగలిగింది ఏమైనా ఉందా?
— తిరుపతి

పెంచమని ప్రతిపాదించలేరు. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం ప్రతి శాఖ ఖర్చూ గ్రాంటు కోరిక రూపంలో శాసనసభ ముందుకు వస్తుంది. గవర్నర్ సిఫారసు లేకుండా ఏ గ్రాంటూ కోరడానికి లేదు. సభ ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం సభకు లేదు. తర్వాత 204 కింద ద్రవ్యవినిమయ బిల్లు. అది ఆమోదం పొందితేనే సంచిత నిధి నుంచి రూపాయి బయటికి వస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ శాసన మండలి ఉంది. అది చర్చించగలదు గాని గ్రాంట్ల మీద దానికి ఓటు లేదు. ఏడాది మధ్యలో డబ్బు చాలకపోతే 205 కింద అనుబంధ గ్రాంట్లు. పూర్తి బడ్జెట్ ఆలస్యమైతే 206 కింద ఓట్ ఆన్ అకౌంట్. 2024-25లో ఆంధ్రప్రదేశ్ పూర్తి బడ్జెట్ నవంబరు 11న గాని సభకు రాలేదు. అలాంటి ఏడాది కొత్త ఖర్చులు మొదలయ్యేసరికే సగం ఏడు దాటిపోతుంది.

కోత తీర్మానం ఎమ్మెల్యే చేతిలో ఉన్న సాధనం. గ్రాంటును రూపాయికి తగ్గించాలంటే విధానాన్ని తప్పుపట్టినట్టు. వంద రూపాయలు తగ్గించాలంటే ఒక ఫలానా ఇబ్బందిని సభ దృష్టికి తెచ్చినట్టు. నెగ్గదని అందరికీ తెలుసు. ఆ నెపంతో మంత్రి చేత సభలో జవాబు చెప్పించడమే దాని ప్రయోజనం. గడువు ముగిసే రోజు మిగిలిన శాఖల గ్రాంట్లన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. పిల్లల గ్రాంటు మీద అసలు చర్చే జరగని ఏళ్లు ఇందుకే వస్తాయి.

సామాన్యులు చేయగలిగింది ఉంది. రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖల వెబ్‌సైట్లలో బడ్జెట్ పుస్తకాలు ఉంటాయి. 2235 అన్న పద్దులో 02 కింద 102 అంటే శిశు సంక్షేమం. అంగన్‌వాడీ వేతనాలు, నిర్వహణ అక్కడ ఉంటాయి. పోషకాహారం 2236లో. ప్రతి పద్దు పక్కన మూడు అంకెలు చూడండి: కొత్త ఏడాది అంచనా, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి అసలు ఖర్చు. ప్రసంగంలో చదివేది మొదటిదే. మూడోది ఎవరూ చదవరు, పిల్లల పళ్లెంలోకి వచ్చింది మాత్రం అదే. నడుస్తున్న ఏడాది అంచనా కూడా పక్కనే ఉంటుంది. సవరించిన అంచనా దానికన్నా తగ్గితే, కేటాయించిన డబ్బు ఇవ్వలేదని ప్రభుత్వమే రాసిచ్చినట్టు.

మీరు పరీక్షకు చదివేటప్పుడే ఈ రెండు పద్దుల అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. మీ నియోజకవర్గంలో ఎన్ని కేంద్రాలు అద్దె ఇళ్లలో ఉన్నాయో, ఎన్ని టీచరు పోస్టులు ఖాళీగా ఉన్నాయో సమాచార హక్కు కింద సీడీపీఓను అడగండి. ఆ కాగితంతో మీ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లి, 2236లో కేటాయించిందెంత, విడుదల చేసిందెంత, తేడా ఎందుకు అన్న ఒక్క ప్రశ్న సభలో వేయమని కోరండి. ప్రశ్నలకు ముందుగా నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక కాదు, నెల ముందే వెళ్లండి. ఈ పేజీ చదివే ప్రతి ఒక్కరినీ నేను కోరేదీ ఇదే.